రత్నకు ఇవ్వని రింగు

ఏళ్లుగా దీన్ని మోస్తున్నాను. మోయగా మోయగా బరువు అలవాటవుతుందని అంటారు. నాకు కాలేదు. కొట్లో పప్పు పొట్లం కడుతుంటే ఉన్నట్టుండి గుర్తొస్తుంది, కట్టిన పొట్లమే విప్పి మళ్లీ కడతాను. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియకపోతేనే మంచిది. ఒక మనిషి నా వల్ల చనిపోయాడు. ఆ తప్పు తనదేననుకుని ఇంకో మనిషి కుమిలిపోతుంటే, నేను నోరు మూసుకుని చూశాను.

బెంగళూరులో మైసూరు రోడ్డు వైపు, వృషభావతి మీద ఉన్న ఒక చిన్న వంతెన పక్కన నాకు చిల్లర కొట్టు ఉంది. వృషభావతిని నది అని బోర్డుల మీదే రాస్తారు. మా నోట్లో అది మోరి, ఊరి మురికంతా మోసే కాలువ. మడకశిర నుంచి మేం పనులకు వచ్చిన కొత్తలో దానికి మట్టి గట్లుండేవి. వాన పడితే నీళ్లు తీరిగ్గా పరుచుకుంటూ వచ్చేవి, సర్దుకోవడానికి మనుషులకు వ్యవధి దొరికేది. తర్వాత రెండు వైపులా కాంక్రీటు గోడలు లేచాయి. పీడ వదిలిందని మిఠాయిలు పంచుకున్నాం. తీరా చూస్తే ఆ గోడల మధ్య నీళ్లకు ఆగే చోటే లేకుండా పోయింది. ఎక్కడో ఎగువన వాన కురిస్తే, ఇక్కడ ఎండ కాస్తుండగానే ఒక్క ఊపున వచ్చేస్తాయి. గోడ దాటి కూడా రావు. ఇళ్ల వాడకం నీళ్లు మోరిలోకి పోయే గొట్టాలున్నాయే, వాటిలోంచే వెనక్కి తన్ని, స్నానాల గది తూములోంచి ఇంట్లోకి వస్తాయి.

రత్న నాకు తోడబుట్టింది కాదు. ఒకే బస్సులో ఈ ఊరొచ్చాం, చాలాకాలం ఒకే గదిలో ఒకే పొయ్యి మీద వండుకున్నాం. తర్వాత నేను వంతెన దగ్గరికి మారాను. ఆమె దిగువన, మోరి గోడను ఆనుకుని ఉన్న సందులోకి వెళ్లింది. ఆమెకు ఒక తమ్ముడు, శీనప్ప. బిల్డింగు పనిలో పరంజా మీంచి పడి, నడుము కింద చచ్చుబడింది. చేతి మిషను తిప్పుకుంటూ సందులో ఆడవాళ్లందరికీ జాకెట్లు కుట్టేవాడు. "అక్కయ్యా, నీ కోపానికి గుండీలు నిలవవు, హుక్కులే పెడతా" అని నన్ను ఆటపట్టించేవాడు. నిజమే, నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది.

మాకొక ఏర్పాటు ఉండేది. కొట్లో కూర్చుంటే మోరి నాకు కనిపిస్తుంది. నీళ్లు రంగు మారి పొంగితే రత్నకు ఫోను చేస్తాను. ఒక్క రింగిచ్చి కట్ చేస్తే సామాన్లు పైకెత్తుకోవాలి. ఆపకుండా మోగిస్తే మనుషులు బయటపడాలి. రత్న కంచం మీద గరిటెతో కొట్టుకుంటూ సందంతా తిరిగేది. ఇద్దరు మగవాళ్లు శీనప్పను ఎత్తుకుని వంతెన ఎక్కేవారు. నీళ్లు నా దగ్గర్నుంచి అక్కడికి చేరేలోపు ఇదంతా అయిపోయేది. ఏ ఆఫీసూ చెప్పని కబురు నేను చెప్పేదాన్ని. ఆ సంగతి నాకు తలకెక్కిందేమో, ఇప్పుడనిపిస్తుంది.

ఒక ఏడు వానాకాలంలో సందులో ఒక పాపకు పేరు పెట్టే వేడుక. నీళ్లు పొంగడం చూసి ఆపకుండా మోగించాను. జనమంతా పసిపిల్లతో సహా పరుగెత్తారు. సాంబారు గిన్నె బోర్లాపడింది. నీళ్లు గొట్టం అంచుదాకా వచ్చి వెనక్కి పోయాయి. పలకరిద్దామని నేను దిగి వెళ్లేసరికి ఆడవాళ్లంతా నన్ను చూసి ఒకటే నవ్వు. రత్న కూడా నవ్వింది. "మా అక్కకు మోరిలో చెంబెడు నీళ్లు ఎక్కువైతే చాలు, ప్రళయమే" అంది. ఎవరేమన్నా పడేదాన్ని. రత్న అనేసరికి ఒళ్లు మండిపోయింది.

వారం తిరక్కుండానే ఆ మధ్యాహ్నం వచ్చింది. ఎండ ఫెళ్లున కాస్తోంది. మోరి నల్లగా, నురగతో లేచింది. చూశాను. చూడలేదని చెప్పే వీలు నాకు లేదు. ఫోను చేతిలోకి తీసుకున్నాను కూడా. "రానీ, ఒక్కసారి కాళ్లు తడిస్తే తెలుస్తుంది" అనుకున్నాను. సరిగ్గా ఇవే మాటలు. ఫోను బియ్యం బస్తా మీద బోర్లా పెట్టాను. ఎవరో కొబ్బరినూనె అడిగితే ఇచ్చాను. ఆ మనిషితో నవ్వుతూ మాట్లాడాను కూడా. శీనప్ప నాకు గుర్తు రాలేదా? వచ్చే ఉంటాడు. వచ్చినా పక్కకు నెట్టేశానా? నన్ను నేను ఎన్నిసార్లు అడిగినా ఇక్కడ నాకు నేనే దొరకను.

నీళ్లు వంతెన అడుగును తాకిన చప్పుడుకు ఉలిక్కిపడి ఫోను తీశాను. స్విచ్చాఫ్ అని వచ్చింది.

పరుగెత్తాను. సందులో తీగల మీద బట్టలు పొడిగా ఉన్నాయి. ఆ పొడి బట్టలు ఇప్పటికీ నా కళ్లముందే ఉన్నాయి, ఒక్క చినుకు లేదు, ఇళ్లలో మాత్రం నడుము లోతు నీళ్లు. కాళ్లున్నవాళ్లంతా బయటపడ్డారు. రత్న సందు చివర కొళాయి దగ్గర ఉండిపోయింది, ఆమె పరుగెత్తి వచ్చేసరికి ఇంటి తలుపు నీళ్ల బరువుకు తెరుచుకోలేదు. మగవాళ్లు పగలగొట్టేసరికి శీనప్ప మిషను బల్లను రెండు చేతులా పట్టుకుని ఉన్నాడు. మెడలో టేపు అలాగే ఉంది. నేను ఏడవలేదు. ఇది నేను చేసిందా అని ఒకటే ప్రశ్న, బుర్రలో ఇంకేమీ లేదు.

రత్న నన్ను చూసి వచ్చి చేతులు పట్టుకుంది.

"నువ్వు రింగు ఇచ్చింటావక్కా, నాకు తెలుసు. నా ఫోనే పలకలేదు. లోపల చార్జింగుకు పెట్టి కొళాయి కాడికి పోతిని, పాపిష్టిదాన్ని. ఇచ్చింటివి కదక్కా?"

"ఊఁ. చేసినా."

నా నోట్లోంచే వచ్చింది ఆ మాట. ఇంత తేలిగ్గా ఎలా వచ్చిందో అని నేనే నివ్వెరపోయాను. చేశాను కదా, ఆలస్యంగానైనా చేశాను, కాబట్టి అబద్ధం కాదు అని ఆ రోజు మొదలుకొని ఎన్ని రకాలుగా సర్దిచెప్పుకున్నానో లెక్కలేదు. ఆమె ఫోను నీళ్లలో పాడైపోయింది. నన్ను అడిగేవాళ్లు లేరు. అసలు నేను చేయకుండా ఉంటానన్న ఆలోచనే రత్నకు రాలేదు. నన్ను అంత నమ్మిన మనిషి మరొకరు లేరు.

తర్వాత ఆ సందువాళ్లకు ఊరి చివర ఫ్లాట్లిచ్చారు. రత్నది నాలుగో అంతస్తు, మోరి వాసన కూడా అందని చోటు. అయినా ఫోను చిన్న సంచిలో పెట్టి మెడలో వేసుకుంటుంది. స్నానానికి పోతే తలుపు గొళ్లేనికి తగిలిస్తుంది. రోజూ మధ్యాహ్నం నాకు చేసి, "అక్కా, ఒక రింగు ఇయ్యి, పలుకుతుందో లేదో చూస్తా" అంటుంది. నేను ఇస్తాను. రోజూ ఇచ్చాను. అవసరమైన రోజు ఇవ్వని రింగును, ఇన్నేళ్లూ రోజూ ఇచ్చాను.

నిన్న కూడా అడిగింది. నేను చేశాను, కట్ చేయలేకపోయాను. మోగుతూనే ఉంది. చివరికి ఎత్తి, ఊపిరి అందనట్టు అడిగింది, "నీళ్లొస్తాండాయా అక్కా?"

"లేదు రత్నా. ఆ పొద్దు నీకు నేను రింగు ఇయ్యలేదు. నీళ్లు చూసి కూడా ఇయ్యలేదు. నువ్వు నవ్వినావని. నేను చేసేసరికి నీ ఫోను నీళ్లలో ఉండింది."

తిడుతుందనుకున్నాను. తిట్టాలనే కోరుకున్నాను.

"అట్లయితే నా ఫోను బాగానే ఉండిందా?" అంది.

"బాగానే ఉండింది."

పెట్టేసింది.

ఇవాళ మధ్యాహ్నం దాటింది. రత్న రింగు ఇమ్మని అడగలేదు. నన్ను క్షమించిందని కాదు, ఆమె స్థానంలో ఉంటే నేనైతే క్షమించను. ఇక నాతో మాట్లాడకపోవచ్చు. కానీ ఫోను పలుకుతుందో లేదో అన్న భయం ఆమెకు తీరి ఉంటే, మెడలోంచి ఆ సంచి తీసి ఎక్కడైనా పడేసి ఉంటే చాలనిపిస్తోంది. నాకు ఎంతో కాలం తర్వాత ఊపిరి తిన్నగా ఆడుతోంది, ఆ మాట చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. కొట్లో కూర్చునే ఇదంతా రాశాను. ఫోను బియ్యం బస్తా మీద, తెర పైకి కనపడేలా పెట్టుకున్నాను.