ములరాయి ఇంటిపేరు వెనక: కేతేపల్లి నుంచి అమ్రాబాద్ దాకా

మా పుట్టింటి పేరు ములరాయి. కేతేపల్లిలో ఆ పేరున్న ఇల్లు మాదొక్కటే. మా ముత్తాత లింగయ్య మెట్ట చెలక మూలన పాతిన రాయిని ఎవరూ జరపలేకపోయారని, అందుకే ఆ పేరొచ్చిందని బాపు చెప్పేవాడు. అట్లయితే మూలరాయి కావాలి కదా అని అడిగితే "నోరు తిరగక గట్లయింది" అని మాట దాటేసేవాడు. పెళ్లయ్యాక కూడా ఫేస్‌బుక్‌లో నేను ఆ పేరే ఉంచుకున్నాను. పోయినేడాది దాన్ని చూసి ఐర్లండ్ నుంచి ఫియోనా ముల్రాయ్ అనే ఆవిడ మెసేజ్ పెట్టింది. వాళ్ల ముత్తాత తమ్ముడు నిజాం కాలంలో నల్లమలలో కలప సర్వే పనికి వచ్చి, అమ్రాబాద్ దగ్గర చనిపోయాడట. మా వాళ్లది ఏ ఊరని అడిగింది. మా ముత్తాత అమ్రాబాద్ నుంచే కేతేపల్లికి వలస వచ్చాడు. చెప్పాలా వద్దా అని చాలా రోజులు ఊగిసలాడి చివరికి చెప్పాను. జనవరిలో ఆమె వచ్చేసింది.

నేనుండే చిట్యాల దాకా బస్సులో వచ్చిన ఆమెను నేనే కేతేపల్లికి తీసుకెళ్లాను. బడిలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి, మర్యాదగానే మాట్లాడుతోంది. అయినా ఉత్త పేరు కోసం ఇంత దూరం ఎవరొస్తారని నాకు లోపల గుబులు. బాపుకైతే ఇంకా ఎక్కువ. "తెల్లామె వచ్చి మన తాత ఎవరో మనకే చెప్తదా? మేనత్త కాడికి మాత్రం తోల్కపోకు, ఆమె నోరు ఆగది" అన్నాడు. మేనత్త అంటే మల్లమ్మవ్వ, లింగయ్య ముత్తాత ఆఖరి బిడ్డ. అమ్రాబాద్‌కే కోడలిగా పోయింది, ఇప్పుడు తొంభైకి దగ్గరగా ఉంది. ఆమె నోరు ఆగకపోతే బయటపడేదేమిటో బాపు చెప్పలేదు. తెల్లారి మేం అమ్రాబాద్‌కు బయల్దేరేసరికి మాత్రం ధోతి కట్టుకుని కారులో కూర్చుని ఉన్నాడు.

కారు నకిరేకల్ రఫీక్‌ది, నడిపేదీ అతనే. పొద్దుటి నుంచి రాత్రి దాకా కిరాయి నాలుగున్నర వేలు, డీజిల్ కలిపే. నల్లగొండ, దేవరకొండ మీదుగా పోయి డిండి దగ్గర శ్రీశైలం రోడ్డు ఎక్కాలి. ఆగుతూ పోతే ఐదు గంటల పైనే పడుతుంది. దారిలో ఫియోనా తన పేరు కథ చెప్పింది. వాళ్ల పాత భాష గేలిక్‌లో అది మొదట 'ఓ మీల్‌రూయి' అట. 'ఓ' అంటే సంతతి, మిగతాది ఎర్రజుట్టు నాయకుడు. ఇంగ్లీషు వాళ్ల పాలనలో ముందున్న 'ఓ' ఊడిపోయి, మిగిలింది వాళ్ల నోటికి తగ్గట్టు ముల్రాయ్ అయిందట. నేను ఆసక్తిగా వింటుంటే ఆమె ఉన్నట్టుండి "మీ ముత్తాత అమ్రాబాద్ ఎందుకు వదిలాడు?" అంది. తెలియదన్నాను. కాసేపాగి అదే ప్రశ్న ఇంకోలా అడిగింది.

దేవరకొండలో ఇడ్లీ తిని చాయ్ తాగుతుంటే రఫీక్ నన్ను పక్కకు పిలిచాడు. "అక్కా, జర పైలం. ఈమె సుట్టరికం అడుగుతలేదు, పోలీసోళ్ల లెక్క అడుగుతాంది. అడివి పక్కన మీకు జాగా గిట్ల ఏమన్న ఉందా?" లేదన్నాను. కానీ అక్కడి నుంచి ఆమె ఫోన్ తీసినప్పుడల్లా నా చూపు అటే పోయింది.

మన్ననూరు చెక్‌పోస్టు దాటి అమ్రాబాద్ చేరేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. మల్లమ్మవ్వ వాకిట్లో మంచం మీద కూర్చుని ఉంది. మేమేమీ చెప్పకముందే ఫియోనాను ఎగాదిగా చూసి, "దొర తాలూకు మనిషేనా?" అంది. బాపు మొహం మాడిపోయింది.

"మా నాయిన ముల్రాయి దొరకు వంట చేసెటోడు. ఆయన ఎంబడి అడివంత తిరిగిండు. అందరు ముల్రాయి లింగడు అనెటోళ్లు. గదే ఇంటిపేరైంది" అంది అవ్వ.

"మరి చెలకల రాయి?" అన్నాను.

"రాయి లేదు గీయి లేదు."

నేను ఇంగ్లీషులో చెప్పగానే ఫియోనా తల దించుకుంది. తర్వాత మెల్లగా అంది: "మా ఇంట్లో ఒక మాట ఉంది. ఆయన్ని చంపింది నౌకరేనని. అది తేల్చుకుందామనే వచ్చాను. ముందే చెబితే మీరు నన్ను తీసుకురారని దాచాను."

ఆమె ఏమందని బాపు గుచ్చి గుచ్చి అడిగితే చెప్పాను. ఆయన ఆశ్చర్యపోలేదు. "అవ్వను గది అడగకు బిడ్డా. ఊరోళ్లు గా మాటనే అన్నరు. అందుకే తాత ఊరిడిచిండు. మీ దాకా రావొద్దనే నేను దాచిన" అన్నాడు. ఫియోనా, బాపు ఇద్దరూ ఒకే మాటను అటొకరు ఇటొకరు దాచుకుని, పొద్దుటి నుంచి ఒకే కారులో కూర్చున్నారన్నమాట.

నేను అవ్వను అడిగాను. ఆమె కోపం చేయలేదు.

"దొరకు చలిజెరమొచ్చింది. మా నాయిన ఇంక ముగ్గురిని పట్టుకొని మంచం మీద మోసుకొస్తుంటే నడిమిట్ల పాణం పోయింది. ఆడనే బొందపెట్టిండ్రు. బూట్లు మటుకు మా నాయిన తెచ్చుకున్నడు. గా బూట్లు చూసే చంపిండన్నరు." మళ్లీ తనే, "కేతేపల్లికి పోయినంక పేరు మార్చుకుంటె ఎవలకు ఎరుక? ఇంటిపేరేందంటె మళ్ల గదే చెప్పిండు. చంపినోడు సచ్చినోని పేరు పిల్లలకు పెట్టుకుంటడా?" అంది.

ఇదంతా నేను ఇంగ్లీషులో చెప్పాను. ఆ బూట్లు లింగయ్య తొడుక్కున్నాడా అని ఫియోనా అడిగింది.

"సరిపోలే. ఎవలకో ఇచ్చిండు" అంది అవ్వ. ఫియోనా నవ్వబోయి ఏడ్చేసింది. అవ్వ ఆమె చెయ్యి పట్టుకుని మంచం మీద కూర్చోబెట్టుకుంది.

సమాధి ఎక్కడో ఎవరికీ తెలియదు, పులుల అడవిలోకి ఊరికే వెళ్లనివ్వరు కూడా. రాత్రి అడవి దారి మూసేస్తారని సాయంత్రానికే తిరుగుముఖం పట్టాం. డిండి దగ్గర బాపు కారాపించి రేగుపండ్లు కొన్నాడు. ఫియోనా ఒళ్లో పోసి, గింజ ఎట్లా ఉమ్మాలో చేసి చూపించాడు.

మరునాడు చిట్యాలలో బస్సెక్కే ముందు "నువ్వు నమ్ముతున్నావా?" అని ఫియోనా అడిగింది. నమ్మాలని ఉంది అన్నాను. తనకూ అంతే అంది. అవ్వ మాట నాకు న్యాయంగానే తోస్తుంది. కానీ తప్పు చేసినవాడు కూడా ఆ బరువు దిగకూడదనే ఆ పేరు మోసి ఉండవచ్చు కదా అని ఒక్కోసారి అనిపిస్తుంది. అప్పుడు మంచం మోసిన లింగయ్యనూ, దొర కాళ్ల బూట్లు విప్పుకున్న లింగయ్యనూ పక్కపక్కన నిలబెట్టి చూస్తాను. ఇద్దరూ నా ముత్తాతలే.

ఇంటిపేరు మూలం వెతుక్కుంటూ బయల్దేరేవాళ్లకు ఒక్క సలహా. మగవాళ్ల కంటే ముందు ఆ ఇంట్లో పుట్టి వేరే ఇంటికి పోయిన ముసలి ఆడబిడ్డలను అడగండి. ఆ పేరును కాపాడుకోవాల్సిన అవసరం వాళ్లకు లేదు, కాబట్టి ఉన్నదున్నట్టు చెబుతారు.