ఎడమ చెయ్యి గోడవైపు

మా ఇంటికి దగ్గర్లో ఒక మాల్ ఉంది. పొద్దున్నే, దుకాణాల షట్టర్లు ఇంకా లేవకముందే, దాని తలుపులు తీసేస్తారు. చలికాలంలో బయట నడవలేని మాబోటి వాళ్ళకోసం ఆ ఏర్పాటు. ఎవరికి తోచిందో గానీ వాళ్ళు చల్లగా ఉండాలి. ఈ చలిదేశం వచ్చి నార్త్ యార్క్‌లో అద్దెకు దిగిన మొదటి చలికాలం నుంచీ నేనూ మావారూ అక్కడే నడిచాం. ఆయన పోయాక నేనొక్కదాన్నే నడుస్తున్నాను.

మాల్ నడిమధ్యలో ఒక చిన్న కాఫీ కొట్టు ఉంటుంది. అది నాకు కుడిచేతివైపు ఉండేలా తిరుగుతాను. మరోలా తిరగడానికి నా కాళ్ళు ఒప్పుకోవు. ఏ దేవుడున్నాడని ఈ ప్రదక్షిణలు అని మావారు వేళాకోళం చేసేవారు. నడక పూర్తయ్యాక ఆ కొట్టు దగ్గరే ఆగి, "ఇక తీర్థం తీసుకుందామా?" అని రెండు కాఫీలు చెప్పేవారు. నా పుణ్యాన పొద్దుటి నడకవాళ్ళంతా కూడా అటే తిరుగుతారు. ఎందుకో నాకు తెలియదు. అందుకే ఇన్నేళ్ళుగా నాకు అక్కడ తెలిసినవన్నీ వీపులే. బూడిదరంగు టోపీ పెట్టుకునే పెద్దాయన వీపు, చేతికర్రతో నడిచే ఒకావిడ ఎర్రకోటు వీపు. ముఖాలు తెలియవు.

నేను బడికి వెళ్ళి చదువుకోలేదు. చిన్నప్పుడు ఉబ్బసం బాగా ఉండేది. అందుకని నాన్నగారు ఇంట్లోనే కూర్చోబెట్టి చదువు చెప్పారు. తెలుగు, కాస్త సంస్కృతం, లెక్కలు, తర్వాత తర్వాత ఇంగ్లీషు. పాఠం కన్నా ఎక్కువ ఆయన పనులు చూస్తూ నేర్చుకున్నాను. తద్దినం రోజున ఆయన జంధ్యం ఎడమ భుజం మీదనుంచి కుడి భుజం మీదికి మారేది. అది చూసి ఎందుకని అడిగాను. దేవుళ్ళ చుట్టూ తిరిగేటప్పుడు కుడిచెయ్యి వాళ్ళవైపు, వెళ్ళిపోయినవాళ్ళ చుట్టూ తిరిగేటప్పుడు ఎడమచెయ్యి వాళ్ళవైపు ఉంటుందమ్మా, అన్నారు. అంతకుమించి వివరించలేదు. నేనూ అడగలేదు. ఆయన చెప్పినవాటిలో ఇప్పటికీ పనికొస్తున్నవి ఎన్నో ఉన్నాయి. ఆ చదువు ఇంట్లో దొరికినందుకు నాకు ఏ రోజూ లోటనిపించలేదు.

కాంబోడియాలో ఉన్న ఒక పెద్ద గుడి చూడాలన్న కోరిక మావారిది. ఇక్కడ మేము అరటాకులు, పొడుగు చిక్కుళ్ళు కొనే ఆసియా దుకాణంలో ఏటా ఒక క్యాలెండర్ ఇస్తారు. ఒక ఏడాది దానిమీద ఆ గుడి బొమ్మ వచ్చింది. చుట్టూ నీళ్ళు, నీళ్ళలో గోపురాల నీడ. ఆయన దాన్ని కత్తిరించి ఫ్రిజ్‌కు అంటించారు. విష్ణుమూర్తికి ఇంత పెద్ద గుడి మన దేశంలో కూడా లేదట, రిటైరయ్యాక మొదటి ప్రయాణం అక్కడికే అనేవారు. బ్యాంకులో కంప్యూటర్ల ఉద్యోగం ఆయనది. రిటైరయ్యారు. ఆ వచ్చిన ఫిబ్రవరిలోనే గుండె ఆగింది. ఆ బొమ్మ ఫ్రిజ్ మీదే ఉంది. అంచులు పసుపుపచ్చగా అయ్యాయి.

మా ఆడపడుచు ఒషావాలో ఉంటుంది. ఆయనకు ఒక్కతే చెల్లెలు. పోయిన వేసవిలో మా ఇంటికి వచ్చి, పాలకోసం ఫ్రిజ్ తలుపు పట్టుకుని, ఆ బొమ్మ చూస్తూ కాసేపు అలాగే నిలబడింది. తర్వాత, మనిద్దరం వెళ్దాం వదినా అంది. అక్కడినుంచి మా ప్రణాళిక మొదలైంది. మిస్సిసాగాలో టికెట్లు బుక్ చేసే ఒక తెలుగాయనను పట్టుకుంది. వానలు లేని నెలలు ఏవో కనుక్కుంది. నేను లైబ్రరీకి వెళ్ళాను. అక్కడి అమ్మాయి ఓపిగ్గా వెతికి పెద్ద బొమ్మల పుస్తకం తెచ్చిపెట్టింది. ఇంగ్లీషు నాకు నెమ్మదిగా నడుస్తుంది కాబట్టి రోజుకో పేజీ చదివాను. అందులో నాకు బాగా నచ్చిన సంగతి ఒకటి. గుడి పడమటి వాకిట్లో ఎనిమిది చేతుల విష్ణువు విగ్రహం ఉంది. అక్కడివాళ్ళు ఆయనకు పసుపుపచ్చటి బట్ట చుట్టి, అగరొత్తులు వెలిగిస్తారట. వాళ్ళు బౌద్ధులు. అయినా ఆయన్ను వదల్లేదు. చదువుతూనే వాళ్ళకు దణ్ణం పెట్టుకున్నాను.

శరదృతువులో టికెట్లాయన గుడి ప్లాను ఒకటి పంపాడు. పొడవైన వసారా గోడలనిండా శిల్పాలు. వాటిని ఏ వరసలో చూడాలో ఎర్ర బాణాలు గీసి ఉన్నాయి. ఆడపడుచు దాన్ని ఫోన్‌లో పంపింది. చూడగానే నాకు తేడా తెలిసింది. బాణాలన్నీ తిరగబడి ఉన్నాయి. పడమటి వాకిట్లోంచి లోపలికి వెళ్ళి, కుడివైపుకు తిరిగి, గుడిని ఎడమచేతివైపు ఉంచుకుని నడవమంటున్నాయి. పాపం ఎవరో పొరబడ్డారు, దిద్దించమని ఫోన్ చేసి చెప్పాను.

"వదినా, మడి మూటగట్టి కాంబోడియా దాకా పట్టుకెళ్తున్నావా? కస్టమ్స్‌లో పట్టుకుంటారు."

"పట్టుకుంటే నీ సూట్‌కేసులోదని చెప్తాను," అన్నాను.

నవ్వింది గానీ అడిగింది. టికెట్లాయన ఆ ఊళ్ళోని గైడ్‌ను అడిగాడు. గైడ్ తన గొంతుతోనే జవాబు రికార్డు చేసి పంపాడు. దాన్ని ఆమె నాకు వినిపించింది. చాలా మర్యాదగల మనిషి. బాణాలు సరిగ్గానే ఉన్నాయన్నాడు. తక్కిన గుళ్ళు తూర్పు చూస్తాయి, ఇది పడమర చూస్తుంది. కట్టించిన రాజు తాను పోయాక తనకోసమే దీన్ని ఉద్దేశించాడని మా పెద్దలు అంటారు, అందుకే ఎడమ చెయ్యి గోడవైపు ఉంచి నడిస్తేనే శిల్పాల కథ ముందుకు సాగుతుంది, మీరు చెప్పినట్టు నడిస్తే కథలన్నీ వెనక్కి నడుస్తాయి, గోడను తిప్పడం నా చేతిలో లేదు మేడమ్, అన్నాడు.

ఆడపడుచు ఇంకా ఏదో అంటోంది. నాకు వినపడలేదు.

ఆయన పోయినప్పుడు ఫ్యూనరల్ హాల్లో మాకు ఇచ్చిన సమయం కొంచెమే. ఆ రోజు మంచు. పురోహితుడు గారు ఎక్కడో హైవే మీద ఇరుక్కుపోయి, చివరికి ఎలాగో వచ్చి చేరారు. ఆ మంచులో వచ్చినందుకే ఆయనకు నమస్కరించాలి. మాకు పిల్లల్లేరు. ఇక్కడే లండన్ అనే ఊళ్ళో ఉండే మా బావగారి అబ్బాయి కర్మ చేశాడు. ఆయన్ను ఉంచిన పెట్టె ఒకవైపు గోడకు దగ్గరగా ఉంది. అతనొక్కడూ చుట్టు తిరిగితే చాలు, మిగతావాళ్ళు కూర్చోండమ్మా అన్నారు పురోహితుడు గారు. తలుపు దగ్గర ఇంకొక కుటుంబం పూలతో నిలబడి ఉంది. వాళ్ళకీ దుఃఖమే కదా. నేను ఆయన పాదాలు ముట్టుకున్నాను. ఎవరో భుజం పట్టుకుని బయటికి నడిపించారు. ఎవరి తప్పూ లేదు. కానీ నాన్నగారు చెప్పిన ప్రకారం ఎడమచెయ్యి ఆయనవైపు ఉంచి ఒక్క చుట్టు తిరుగుదామనుకున్నాను. ఆ చుట్టు నా కాళ్ళలోనే ఉండిపోయింది. మాల్‌లో ఎంత నడిచినా అది తీరలేదు.

ఆ మధ్యాహ్నం ప్లానునూ లైబ్రరీ పుస్తకాన్నీ పక్కపక్కన పెట్టుకున్నాను. నా పద్ధతిలో నడిస్తే తూర్పు గోడ మీద ముందు దేవతలూ రాక్షసులూ పాలకడలి చిలుకుతూ కనిపిస్తారు. ఆ తర్వాత దక్షిణపు గోడ మీద యముడు దున్ననెక్కి తీర్పు చెబుతుంటాడు. బాణాల ప్రకారం నడిస్తే యముడి సభ ముందు వచ్చేస్తుంది. అది దాటి మలుపు తిరిగితే పాలకడలి, అమృతం. చాలాసేపు పేజీలు అటూ ఇటూ తిప్పి చూశాను. ఏ రకంగా చూసినా అంతే.

బాణాలు అలాగే ఉండనీ అని ఆడపడుచుకు చెప్పాను.

"అయ్యో, గైడ్ ఒక్క ముక్క చెప్తే మీ నాన్నగారి శాస్త్రం మారిపోయిందా?"

"మారలేదు. ఇదీ ఆయన చెప్పిందే."

ఆమె రెట్టించలేదు. అసలు సంగతి నేనూ చెప్పలేదు. ఆ చుట్టు గురించి నేను ఎవరితోనూ ఎప్పుడూ అనలేదు.

తర్వాత కొన్ని వారాలు సంతోషంగానే గడిచాయి. పులిహోర పొడి కొట్టాను. మోకాలి పట్టీ కొత్తది కొన్నాను. ఇంతలో ఆమె కోడలి ఆఫీసువాళ్ళు ఇకమీదట వారం మొత్తం ఆఫీసుకు రావాలన్నారు. మనవడికి డేకేర్‌లో చోటు దొరకలేదు. వాడిని చూసుకోవడానికి ఆమె తప్ప ఇంకెవరూ లేరు. ఫోన్ చేసినప్పుడు ఆమె గొంతు చిన్నబోయి ఉంది. వచ్చే ఏడు తప్పకుండా వెళ్దాం వదినా అంది. అలాగేనమ్మా, పిల్లాడు ముఖ్యం అన్నాను. నిజంగానే అన్నాను.

ఫోన్ పెట్టేశాక ఇల్లు మరీ నిశ్శబ్దంగా అనిపించింది. హీటర్ చప్పుడు ఒక్కటే. ఈ నిశ్శబ్దం నాకు కొత్త కాదు. వంట ఒకరికి సరిపడా చేయడం కూడా వచ్చేసింది. కానీ ఆ రోజు మోకాళ్ళవైపు చూసుకున్నాను. వచ్చే ఏడు ఇవి నడుస్తాయని ఎవరు చెప్పగలరు? దీపం పెట్టాను. దేవుణ్ణి ఏమీ అడగలేదు. కాసేపు కూర్చుని లేచి, ఆమెకు ఫోన్ చేసి, నేనొక్కదాన్నీ వెళ్తాను అన్నాను.

"నువ్వా? సబ్‌వేలో లైన్ మారాలంటేనే నాకు ఫోన్ చేస్తావు కదా వదినా."

"అక్కడ సబ్‌వే లేదులే."

"జోక్ కాదు. ఫ్లైట్ మారాలి, ఒక్కదానివి హోటల్‌లో ఉండాలి. నీకేమైనా అయితే నేను అన్నయ్యకు ఏం చెప్పను?"

పోయిన మనిషికి జవాబు చెప్పుకోవాలన్నట్టు ఆమె ఆ మాట అనేసరికి ఇక దాచుకోలేకపోయాను. ఫ్యూనరల్ హాల్ సంగతి, గోడ సంగతి, తిరగలేకపోయిన చుట్టు సంగతి చెప్పాను. అవతల మనవడు చూస్తున్న కార్టూన్ పాట వినిపిస్తోంది. ఆమె దాన్ని ఆపేసింది.

"నన్నూ కూర్చోమన్నారు వదినా," అంది.

ఆ రోజు ఆమె ఎక్కడ ఉందో నేను చూడనే లేదు. నా పక్క కుర్చీలోనే ఉందట.

ముక్కు ఎగబీల్చి, "నాకోసం ఇంకో చుట్టు తిరుగుతావా?" అని అడిగింది.

"మోకాళ్ళు ఒప్పుకుంటే."

"ఒప్పుకోక ఏం చేస్తాయి? నీ కాళ్ళకున్నవి అన్నయ్య కొన్న బూట్లేగా." తర్వాత టికెట్లాయనకు తనే ఫోన్ చేస్తానంది. విమానం మారే చోట వీల్‌చెయిర్ పెట్టిస్తానంది. సిగ్గుపడి వద్దంటే ఊరుకోనని బెదిరించింది.

మర్నాడు పొద్దున మాల్ తలుపు తీసిన సెక్యూరిటీ అతను ఎప్పటిలాగే తల ఊపాడు. నేనూ ఊపాను. లోపలికి వెళ్ళి, రోజూ తిరిగే వైపుకు కాకుండా రెండోవైపుకు తిరిగాను. మొదట్లో కాళ్ళు తడబడ్డాయి. చీకటి అద్దాల దుకాణాలన్నీ తెలియని ఊరిలా కనిపించాయి. కాఫీ కొట్టు ఎడమచేతివైపు ఉంది. ఎదురుగా మనుషులు రావడం మొదలైంది. ఎర్రకోటావిడకు కళ్ళజోడు ఉంది. నాకన్నా చిన్నది. బూడిదరంగు టోపీ పెద్దాయనకు తెల్లటి మీసాలున్నాయి. దగ్గరికి వచ్చి ఆగి, దారి తప్పాననుకున్నాడో ఏమో, వేలు గాలిలో గుండ్రంగా తిప్పి, అటు కాదు ఇటు అని చూపించాడు. మంచి మనసు. చేతులు జోడించి చిన్నగా నవ్వాను. ఆయనా నవ్వి తప్పుకుని దారిచ్చాడు.

చుట్టు పూర్తయ్యేసరికి కాఫీ వాసన వచ్చింది. కొట్టు అమ్మాయి నన్ను చూసి కప్పు అందుకోబోయింది. ఇంకా కాదని చెయ్యి ఊపాను. మా ఆడపడుచు చుట్టు ఇంకా మిగిలే ఉంది.