అల వెనక్కి పోయేదాకా

తెల్లారేసరికి మా బావను కట్లపాము కరిచిందని అక్క కబురంపింది. తుఫానుకి గెడ్డ పొంగి రోడ్డు కొట్టుకుపోయింది, అంబులెన్సు రాదు. చేపలు మోసే నా పాత జీపులో ఇద్దరినీ ఎక్కించుకుని సముద్రపు ఒడ్డునే బయల్దేరాను. అదొక్కటే దారి.

సగం దూరం పోగానే వెనక చక్రాలు తడి ఇసుకలో దిగబడ్డాయి. ఎక్సిలేటరు తొక్కిన కొద్దీ ఇంకా కూరుకుపోతున్నాయి. ఛీ, దిక్కుమాలిన బండి! వెనక బావకి రెప్పలు వాలిపోతున్నాయి, మాట ముద్దగా వస్తోంది.

ఒడ్డున పెద్దవల సర్దుకుంటున్న మావాళ్లు పరుగెత్తుకొచ్చారు. వల లాగేటప్పుడు అందరూ ఒక్కసారే పట్టేలా "హైలెస్స" అని కేకేసేది బావే. ఆయన కేకేస్తేగానీ తాడు కదలదు. ఆయన్ని దూరంగా పొడి ఇసుకలో వలల మీద పడుకోబెట్టాం. వల తాడు తెచ్చి బంపరుకి కట్టబోతుంటే ఊడొస్తుందని తిట్టి, బండి కింద చాసిస్ కొక్కేనికి కట్టించాను. తెగితే ఎగిరి ఎవరి ముఖమో పగలగొట్టకుండా తాడు మీద తడివల బరువుగా వేశాను. టైర్లలో గాలి సగానికి తీసి, చక్రాల ముందు ఇసుక చేతుల్తో తోడి, గోనెసంచులు దోపాను.

"అల వస్తంది, లాగండర్రా!" అని అరిచాడు బావ తమ్ముడు.

అది వాళ్ల చేతులకి పట్టిన అలవాటు. పడవను ఒడ్డుకెక్కించేటప్పుడు అల వచ్చినప్పుడే లాగుతారు, అలే పడవను ఎత్తిపెడుతుంది. జీపు తేలుతుందా! అల చక్రాల కింద ఇసుకంతా కడిగేసింది. గోనెలు కొట్టుకుపోయాయి. బండి ఇంకో జానెడు దిగింది.

"అల పోయేక లాగండిరా!" అని అరిచాను నేను.

"నీకేటి తెలుసు బావా, స్టీరింగు తిప్పినోడివి!" అని నన్ను కసిరాడు బావ తమ్ముడు. మళ్లీ అల రాగానే లాగారు. మళ్లీ దిగబడింది. నాకు ఏడుపొచ్చేసింది. ఈ మొండిమనుషుల చేతుల్లో బావ పోతాడురా దేవుడా అనుకున్నాను.

అప్పుడు అక్క బావ నోటి దగ్గర చెవి పెట్టింది. కాసేపు అలాగే ఉండి లేచి నిలబడింది. మా పేటలో ఆడవాళ్లు వలకి కేకెయ్యరు.

"ఆగండ్రా! మీ అన్న సెప్తన్నాడు. అల పోనీండి!"

అందరూ ఆగిపోయారు. అల వచ్చింది, వెనక్కి తగ్గింది. బండిలో మిగిలిన గోనెలు దోపి ఒక్క గెంతులో సీట్లో పడ్డాను. ఫస్టు గేరులో నెమ్మదిగా పోనిచ్చాను. "హైలెస్స!" అంది అక్క. తాడు బిగిసింది. "హైలెస్స!" చక్రం గోనెను పట్టుకుంది. బండి పొడి ఇసుక మీదికొచ్చింది.

బావని ఎక్కించుకుని రోడ్డు చేరాక అడిగాను, "బావ ఇంకా ఏటన్నాడక్కా?"

"ఏటీ అనలేదురా. ఊపిరే వినపడింది" అంది.

శ్రీకాకుళం ఆసుపత్రిలో గొంతులో గొట్టం వేసి ఊపిరి మిషను పెట్టారు. మందెక్కిస్తున్నాం, వెంటనే ఏమీ చెప్పలేం అన్నారు. బావ కళ్లు తెరవలేదు, కాలు చెయ్యి కదపలేదు. అక్క చెవి దగ్గర వంగి "హైలెస్స, హైలెస్స" అంటూనే ఉంది. నర్సమ్మ విసుక్కుంది. నేనూ వద్దన్నాను, ఆయనకి వినపడదక్కా అన్నాను. వినలేదు.

మర్నాడు మధ్యాహ్నం అక్క మళ్లీ అంది. దుప్పటి మీద బావ చూపుడువేలు కొంచెం లేచింది. ఇంకోసారి "హైలెస్స" అని ఆగింది అక్క. కేకకి సరిగ్గా మళ్లీ లేచింది.