తెల్లాపూర్ మైదానంలో బజ్జీ

దయ్యాల మీద నాకు నమ్మకం ఎప్పుడూ లేదు. అడ్వాన్సు కట్టకుండా హైదరాబాద్‌లో ఏ ఇంట్లోనూ బతికున్నవాళ్ళే ఉండలేరు, చచ్చినవాళ్ళకు ఆ సౌకర్యం ఎట్లా వచ్చిందని వాదించేవాణ్ణి. ఆఫీసులో లిఫ్టు దానంతటదే ఆగిందని ఎవరైనా గుండెలు బాదుకుంటే మెయింటెనెన్సువాళ్ళకు ఫోన్ చేయమనేవాణ్ణి. హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ పరీక్షించడం నా ఉద్యోగం. తప్పు ఎక్కడుందో వెతికితేనే నాకు జీతం. ఇప్పుడు చెప్పబోయేదాంట్లో తప్పు ఎక్కడుందో మాత్రం ఇంకా దొరకలేదు.

లావణ్యక్క, నేను చందానగర్‌లో కిరాయికి ఉంటాం. మాతో రెండు కుక్కలు ఉండేవి. వీధికుక్కలే, ఒకే తల్లి పిల్లలు. బోరబండలో అమ్మావాళ్ళ ఇంటి వెనక వానకు తడుస్తుంటే తెచ్చుకున్నాం. ఆడది నాది, మిర్చి. మగవాడు అక్క కుక్క, బజ్జీ. పేర్లు పెట్టిన రోజు ఇద్దరం బాగా ఆకలి మీద ఉన్నాం.

వీటికి ఎజిలిటీ నేర్పించాలని అక్కకు బుద్ధి పుట్టింది. అదొక ఆట. కుక్క కడ్డీల మీంచి దూకాలి, గుడ్డ సొరంగంలో ఇటు దూరి అటు రావాలి, వరసగా పాతిన కర్రల మధ్య మెలికలు తిరగాలి. మనిషి పక్కనే పరిగెత్తుతూ చేతులతో దారి చూపాలి. అమ్మకు ఫోన్‌లో చెబితే, "కుక్కకు ఉరుకుడు నేర్పుతున్నరా? పిల్లిని చూపియ్యిరి, అదే ఉరుకుతది" అంది. మిర్చి త్వరగా పట్టేసింది. బజ్జీకి తొందర ఉండేది కాదు. వాడు ఆట మధ్యలో ఆగి అక్క మొహం చూసి, ఆమె నవ్వితే గానీ ముందుకు కదిలేవాడు కాదు.

ఈ ఏడాది వానాకాలంలో బజ్జీ పోయాడు. పిడుదులు కుట్టి వచ్చే జ్వరం. మేం కనిపెట్టేసరికే ముదిరింది. డాక్టరు దగ్గర సెలైన్ ఎక్కుతుండగా, కారు ఎవరికో అడ్డంగా ఉందని పిలిస్తే అక్క తీయడానికి వెళ్ళింది. తిరిగొచ్చేలోపు అయిపోయింది. నేను పక్కనే ఉన్నాను. వాడు చివరిదాకా తలుపు వైపే చూశాడు. ఆ సంగతి నేను అక్కకు చెప్పాల్సిన అవసరం కూడా రాలేదు. తలుపు తీయగానే ఆమెకే కనిపించింది.

అక్క ఏడవలేదు. ఏడ్చి ఉంటే ఏదో ఒక జోకు వేసి ఊరుకోబెట్టేవాణ్ణి. ఆమె దేనికైనా "సరే" అనడం మొదలుపెట్టింది. అన్నం తిను అంటే సరే. పడుకో అంటే సరే. తినేదీ లేదు, పడుకునేదీ లేదు. పొద్దున లేచి చూస్తే సోఫాలో అట్లాగే కూర్చుని ఉండేది. అమ్మ వచ్చి నాలుగు రోజులు ఉండి, పోయేటప్పుడు నన్ను మెట్ల దగ్గరికి పిలిచి, "జర అక్కను చూసుకో బిడ్డా, నాకు భయమైతుంది" అంది. అమ్మ భయమైతుందని చెప్పగా నేను వినడం అదే మొదటిసారి.

తెల్లాపూర్‌లో శని, ఆదివారాలు పోటీలున్నాయి. రెండు కుక్కల పేర్లూ ముందే ఇచ్చి ఉన్నాం. మిర్చి నా ఒక్కడి మాట వినదు, నువ్వు రావాలి అని అక్కకు చెప్పాను. అది అబద్ధం. మిర్చి ఎవరి మాటా వినదు. అక్క "సరే" అంది. జనం వీకెండ్‌కు గోవా పోతారు, మేం తెల్లాపూర్ పోయాం.

శనివారమంతా అక్క కారు దిగలేదు. మిర్చి సగం కడ్డీలు పడగొట్టి, మధ్యలో ఆగి వెనక్కి చూసి, తర్వాత నా జేబులోని చికెన్ ముక్కల గురించి మాత్రమే ఆలోచించింది.

ఈ ఆటలో ఒక పద్ధతి ఉంది. పోటీ మొదలయ్యే ముందు మనుషులు ఒట్టి చేతులతో మైదానంలోకి వెళ్ళి దారి నడిచి చూసుకోవాలి. కుక్కల్ని తీసుకెళ్ళకూడదు. కాబట్టి ఒక్కొక్కరూ తన కుక్క పక్కన ఉన్నట్టే ఊహించుకుంటారు. గాలికి చేయి చూపిస్తారు, గాలిని పేరు పెట్టి పిలుస్తారు, "శభాష్ రా" అని గాలినే మెచ్చుకుంటారు. మా ఆఫీసు కారిడార్‌లో ఇంత శ్రద్ధగా గాలితో మాట్లాడేది చెవిలో బ్లూటూత్ పెట్టుకున్న మేనేజర్లు మాత్రమే.

ఆదివారం పొద్దున కొత్త కుక్కల తరగతికి మైకులో పేర్లు పిలిచారు. మిర్చి పైతరగతి, కాబట్టి నేను దాన్ని పట్టుకుని కంచె బయట ఉన్నాను. పేర్ల మధ్యలో వినిపించింది: లావణ్య, బజ్జీ. ఆ పేరు కొట్టేయించాలన్న సంగతి మా ఇద్దరికీ తట్టలేదు.

కారు తలుపు చప్పుడైంది. అక్క దిగి, నన్ను దాటి, గేటు తీసుకుని లోపలికి పోయింది. పేరు తీసేయమని చెప్పడానికేమో అనుకున్నాను. ఆమె మొదటి కడ్డీ దగ్గర నిలబడింది. ఎడమ చేయి కిందికి చాపింది. నడవడం మొదలుపెట్టింది.

మైదానం నిండా లేని కుక్కలతో నడిచేవాళ్ళే. వాళ్ళలో అక్కకు, మిగతావాళ్ళకు తేడా ఏమిటో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఆపుదామా వద్దా అని ఆలోచిస్తుండగా మిర్చి లేచి నిలబడింది.

అది తోక ఊపుతోంది. అక్కను చూసి కాదు. అక్క మోకాలికి కొంచెం ముందు, నేలకు జానెడు పైన ఏదో ఉన్నట్టు అక్కడే చూస్తోంది. అక్క సొరంగం వైపు చేయి చూపినప్పుడు మిర్చి సొరంగం మొదలును చూసింది, కాసేపాగి తల తిప్పి రెండో కొసను చూసింది, అప్పుడు సన్నగా మూలిగింది. చికెన్ ముక్క ముక్కు దగ్గర పెట్టాను. నా చేతిని తలతో పక్కకు నెట్టేసింది. మిర్చి చికెన్ వద్దనడమే నాకు ఆ రోజు మొదటి వింత.

అప్పుడు వైజాగ్ నుంచి వచ్చిన ఒక పెద్దాయన, మైదానంలో నియమాలు చూసుకునే వాలంటీరు, అక్క దగ్గరికి నడిచాడు. ఆయన ఆ పొద్దునే రైలు దిగాడని తర్వాత తెలిసింది. మమ్మల్ని అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. కంచె పక్కనే కాబట్టి ప్రతి మాటా నాకు వినబడింది.

"ఏవండీ మేడం, ఇప్పుడు కుక్కని లోపలికి తేకూడదండి. బయట కట్టేసి రండి."

అక్క ఆగింది. "ఎవరిని?"

"మీ కుక్కనేనండి. పైగా ముందు కాలికి నీలం కట్టు ఒకటి. దెబ్బ తగిలినవాణ్ణి పరిగెత్తించకూడదు కదా." తర్వాత కొంచెం మెత్తబడ్డాడు. "కుర్రాడు బానే ఉన్నాడండి. ఆఖరి కర్ర ఒకటి వదిలేస్తున్నాడు. అది చూసుకోండి."

ఆయన నవ్వుతాడేమోనని చూశాను. ఇంత దరిద్రపు జోకు నేను కూడా వేయను. ఆయన నవ్వలేదు.

బజ్జీ ఎప్పుడూ ఆఖరి కర్ర వదిలేసేవాడు. అన్ని మెలికలూ తిరిగి, ఒక్కటి మిగలగానే పనైపోయిందని అక్క దగ్గరికి ఉరికేవాడు. ఇది ఆ మైదానంలో ఎవరో ఒకరికి తెలిసే ఉండొచ్చు, శిక్షణలో చూసి ఉండొచ్చు. కానీ నీలం కట్టు సెలైన్ సూదిది. వాడు పోయాక క్లినిక్ అబ్బాయి దాన్ని విప్పబోతే అక్క పట్టుకుని, "ఉండనీ, నొస్తది వానికి" అంది. కట్టుతోనే శంకర్‌పల్లి దగ్గర మేనమామ పొలంలో పూడ్చిపెట్టాం. ఆ సంగతి మేం ఎవరికీ చెప్పలేదు. చెప్పుకునేంత గొప్ప సంగతి కాదు.

అక్క వాదించలేదు. "సరే సార్, తీస్కపోతున్న" అంది. వంగి తొడ మీద మెల్లగా తట్టింది. గేటు దాకా నడిచింది, బయటికి వచ్చింది, గేటు మూయకుండా పట్టుకుని నిలబడింది. ఒక మనిషి దాటడానికి అంతసేపు పట్టదు. తర్వాత మూసింది. మిర్చి తాడు లాక్కుని ఆమె దగ్గరికి పోయి, ఆమె ఎడమ పాదం పక్కన నేలను వాసన చూస్తూ ఉండిపోయింది.

నా ఉద్యోగబుద్ధి ఊరుకోలేదు. మధ్యాహ్నం పెద్దాయన టీ తాగుతుంటే వెళ్ళి ఫోన్‌లో మిర్చి ఫొటో చూపించాను. ఈ కుక్కేనా అని అడిగాను.

"కాదండి. ఇది ఆడపిల్ల కదా. ఇందాకటివాడికి ఒక చెవి మడిచి ఉంటుంది."

పక్క ఫొటోకు జరిపాను, బజ్జీది.

"ఆఁ, వీడే. కాలు ఎలా ఉందండి ఇప్పుడు?"

నా దగ్గర ఎప్పుడూ ఏదో ఒక జవాబు ఉంటుంది. "తగ్గిందండి" అన్నాను.

ఎండ వల్ల భ్రమపడ్డాడా? పొద్దున మబ్బుగా ఉంది. వేరే కుక్కా? మిగతావన్నీ బోనుల్లోనో కార్లలోనో ఉన్నాయి, మడిచిన చెవిది ఒక్కటి కూడా లేదు. ఎవరైనా చెప్పి పంపారా? కట్టు సంగతి తెలిసింది అక్కకు, నాకు, మేనమామకు, క్లినిక్‌వాళ్ళకు. క్లినిక్‌వాళ్ళకు మేం తెల్లాపూర్ వచ్చిన సంగతే తెలియదు. మేనమామకు వైజాగ్‌లో ఎవరూ లేరు, ఉన్నా ఆయన కుక్కల గురించి ఫోన్ చేసే మనిషి కాదు.

మిర్చి ఆ రోజు పోటీలో పాల్గొనలేదు. ఇంటికి బయలుదేరాం. నల్లగండ్ల ఫ్లైఓవర్ మీద ట్రాఫిక్‌లో ఆగినప్పుడు అడిగాను.

"అక్కా, నీకు కనబడ్డడా?"

"లే, తమ్మీ. ఏం కనబడలే."

"మరి గేటెందుకు పట్టుకున్నవ్?"

అక్క ముందున్న బస్సు వైపు చూస్తూ అంది, "సారుకు కనబడ్డడంటే ఉన్నడేమో గద. నేను మూసేస్తే అండ్లనే ఉండిపోతడు."

అప్పుడు ఏడ్చింది. వాడు పోయిన తర్వాత మొదటిసారి. సీటు బెల్టు పట్టుకుని, నోరు మూసుకోకుండా, చిన్నపిల్లలా ఏడ్చింది. వెనక హారన్లు కొడుతున్నారు. నేను బండి కదిలించలేదు. ఆ రాత్రి ఆమె అన్నం కలుపుకుని తిన్నది. అమ్మకు ఫోన్ చేసి తిన్నదని మాత్రం చెప్పాను.

ఆ పెద్దాయన ఏం చూశాడో నాకు ఇప్పటికీ తెలియదు. ఎవరైనా సరైన కారణం చెబితే ఒప్పుకోవడానికి నాకేం అభ్యంతరం లేదు. దయ్యాలున్నాయని ఈ రోజుకీ అనను. కానీ నన్ను నిద్రపోనివ్వని ప్రశ్న అది కాదు. వాడు అంత దూరం నిజంగానే వచ్చి ఉంటే, ముక్కూమొహం తెలియని మనిషికి కనబడి, అక్కకు ఎందుకు కనబడలేదు?