పెంట మీది బిడ్డ

పెంట అనే మాట వినగానే ముక్కు మూసుకునేవాళ్లతో నాకు పడదు. మొదటి నుంచీ పడదంటే మాత్రం అబద్ధమవుతుంది. చాలా ఏళ్లు అలా మూసుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను.

మా పాలమూరు పల్లెల్లో పెంట అంటే ఇల్లూడ్చిన కసువు, పొయ్యిలో బూడిద, కొట్టంలో పేడ, పశువులు తినగా మిగిలిన చొప్ప, అన్నీ కలిసి ఏడాదంతా పెరిగే కుప్ప. ఎండాకాలంలో దాన్ని బండ్లకెత్తి చేనుకు తోలితే, పంట కాలానికి అదే జొన్నలై ఇంటికి తిరిగొచ్చేది. ఒక ఇంటికి పిల్లనిచ్చే ముందు ఆ ఇంటి పెంటకుప్ప ఎంతుందో చూసి వచ్చేవాళ్లు. కుప్ప పెద్దదైతే గొడ్డూగోదా ఉన్న ఇల్లని లెక్క.

అదే మాటను మేం తిట్టుగానూ వాడుకుంటాం. కుదిరిన పనిని చెడగొట్టినవాణ్ణి "అంతా పెంట పెంట చేసిండు" అంటాం. తగువులమారి జోలికి పోబోతే "పెంట మీద రాయేస్తె మన మొఖం మీదనే పడ్తది" అని ఆపుతాం. నల్లమల లోపలికి పోతే చెంచులు తాము ఉండే పల్లెనే పెంట అంటారు. ఇన్ని చోట్ల తిరిగిన ఆ మాట చివర ఒక 'అమ్మ'ను చేర్చండి. అది నా పేరు.

నాకు ముందు మా అమ్మకు ఇద్దరు పుట్టి పురిట్లోనే పోయారు. అలాంటి ఇంట్లో మళ్లీ బిడ్డ పుడితే చాటలో పెట్టి పెంటకుప్ప మీద వదిలేవాళ్లు. ఎవరికీ అక్కరలేనిదాన్ని చావు కూడా అడగదని నమ్మకం. దారిన పోతున్నట్టు ఒకామె వచ్చి, "అయ్యో, ఎవరో పారేసిండ్రు" అని ఎత్తుకుంటుంది. తల్లి చాటెడు తవుడు ఆమెకిచ్చి తన బిడ్డను తానే కొనుక్కుంటుంది. ఇక ఆ బిడ్డకు ఆ కుప్ప పేరే.

నన్ను ఎత్తుకున్నామె ఊరి చివరి వాడలో ఉండేది. మా చేలో కూలికి వచ్చేది. దాహమేస్తే మా వాకిట్లో నిలబడి దోసిట్లో నీళ్లు పోయించుకునేది. గడప దాటనిచ్చేవాళ్లు కాదు. నన్ను నిలబెట్టే చేయి కావలసి వచ్చినప్పుడు మాత్రం ఆమెనే పిలిచారు. ఇందులో తప్పుందని మా ఇంట్లో ఎవరికీ తోచలేదు, నాకు తోచడానికీ చాలా ఏళ్లు పట్టింది. నేను ఆమెను పెద్దమ్మ అనేదాన్ని. ఎంత దూరంలో కనిపించినా నా పేరు పెట్టి కేకేసి, కొంగుముడి విప్పి పల్లికాయలో రేగుపండ్లో నా చేతిలో పోసేది.

బడిలో హాజరు పిలిచినప్పుడల్లా వెనక బెంచీలవాళ్లు ముక్కులు మూసుకునేవాళ్లు. టీచరునయ్యాక పేరులో మొదటి అక్షరం ఒక్కటే ఉంచుకుని, ఇంటిపేరుతో చలామణీ అయ్యాను. తెలంగాణ వచ్చాక ఇంకో తమాషా. మన యాస, మన మాట అంటూ ఆవిర్భావ దినం నాడు బడిలో మైకు పట్టుకునేది నేనే. దవాఖాన, జాగా, ఫికర్, అన్నిటి గొప్పా చెప్పేదాన్ని. నా పేరు ఒక్కటే చెప్పేదాన్ని కాదు.

అలాంటి ఒక ఉపన్యాసం ఇచ్చిన రోజే, తోటి టీచర్లతో జడ్చర్ల బస్టాండులో నిలబడి ఉన్నాను. అవతలి వైపు నుంచి నా పేరు నిండుగా వినిపించింది. చూస్తే పెద్దమ్మ.

"మిమ్మల్నేనా మేడం?" అని పక్కనున్న టీచరమ్మ అడిగింది.

"కాదు," అన్నాను.

బస్సెక్కి కూర్చున్నాక కిటికీలోంచి చూశాను. రెండు మామిడిపండ్లు చేతిలో పట్టుకుని అక్కడే నిలబడి ఉంది. ఇంకొకసారి పిలవలేదు. ఆ తర్వాత ఊరికి పోయినా ఆమె వాడ వైపు పోలేదు. తప్పు చేసిన మనిషికి సందులన్నీ బాగా తెలుస్తాయి.

కొన్నేళ్లకు నా బిడ్డ పెళ్లయింది. రెండు కాన్పులు నిలవలేదు. మూడోసారి పాలమూరు దవాఖానలో నెలలు నిండకముందే ఆడపిల్ల పుట్టి, పద్దెనిమిది రోజులు గాజుపెట్టెలో ఉండి బయటికొచ్చింది. ఆ డాక్టర్లకు, నర్సమ్మలకు ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. పిల్ల పాలు తాగుతోంది, బరువు పెరుగుతోంది. అయినా నా బిడ్డకు నిద్ర లేదు. పిల్ల ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూస్తూ కూర్చుంటోంది. మందుల కంపెనీలో పరీక్షలు చేసే ఉద్యోగం దానిది. అలాంటిది ఒకరోజు నాతో అంది:

"అమ్మా, నిన్ను ఎట్ల నిలబెట్టుకున్నరో దీన్ని గూడ గట్లనే నిలబెట్టుకుందాం."

నాకు ఒళ్లు మండింది. "సదువుకున్నవా లేదా? గా పేరు మోసింది నేను. నాకు తెల్సు."

"మోసినవు. గని బతికినవు గదా," అంది. "దవాఖానోళ్లు చేసేది చేసిండ్రు. గిది నా మనసు కోసం. నిన్ను ఎత్తిన చెయ్యే ఎత్తాలె. గా అవ్వ ఉన్నదా?"

ఉంది. నా భయమల్లా అదే.

ఊళ్లో పెంటకుప్ప దొరకదు, అలా తప్పించుకోవచ్చు అనుకున్నాను. నిజంగానే లేదు. పశువులు తగ్గాయి, పెంటబొందలు పూడ్చేశారు. పొద్దున్నే పంచాయతీ ట్రాక్టరు వచ్చి తడి చెత్త, పొడి చెత్త వేరువేరుగా తీసుకుపోతోంది. ట్రాక్టరు వెంట నడిచే ఆమెను అడిగితే, "మా షెడ్డుల ఉన్నది టీచరమ్మా. తడి చెత్తంత కుప్పవోసి ఎరువు చేస్తున్నం. మంచిగ మాగింది," అని గర్వంగా చెప్పింది. ఆమె పెద్దమ్మ కోడలేనట. "మా అత్తను మాత్రం నువ్వే అడగాలె. ఎవరు వడితె వాళ్లు పిలిస్తె రాదు."

పెద్దమ్మ అరుగు మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. చూపు సరిగా ఆనడం లేదు.

"ఎవలు?" అంది.

ఇంటిపేరు నోటిదాకా వచ్చింది. మింగేసి, నా పేరు నిండుగా చెప్పాను. ఆమె చేతులు ఆగాయి.

"గా దినం బస్టాండ్ల ఇనబడలే గదా నీకు."

"ఇనబడ్డది పెద్దమ్మా. సిగ్గయి పలకలే."

చింతపండు పక్కకు జరిపింది. తర్వాత, "ఎండల నిలబడ్డవు, లోపటికి రా," అంది. మేం మా గడప దాటనివ్వని మనిషి నాకు పీట వేసి, చెంబుతో నీళ్లిచ్చింది. వచ్చిన పని చెప్పాను.

"నిన్ను ఎత్తే ముందే, గా ఏడాదే నా బిడ్డ పోయింది," అంది. "మూడు నెలల పిల్ల. నిన్ను సంకనేసుకుంటే నా రొమ్ములు పాలు చేపినయి. నాకు తవుడొద్దు, పిల్లనే ఇయ్యుండ్రి అని నోటిదాక వచ్చింది. మీ అమ్మ మొఖం చూసి ఇచ్చేసిన. గందుకే కనబడ్డప్పుడల్ల పిలుస్త. ఊకెనే పిలుస్తుందనుకున్నవా?"

యాభై దాటిన టీచరును, ఆ పీట మీద కూర్చుని పిల్లలా ఏడ్చాను. నన్ను కన్నది మా అమ్మ. నా మీద ఆశపడి కూడా వదులుకున్నది ఈమె. ఇద్దరూ కలిస్తేనే నేను.

మర్నాడు షెడ్డుకు పోయాం. కొత్త చాట, ఉతికి ఎండబెట్టిన దుప్పటి. నా బిడ్డ అందరి చేతులకూ శానిటైజర్ పోసింది. పది లెక్కపెట్టేలోపు ఎత్తాలని నేను షరతు పెట్టాను. మూడు కూడా అనకముందే, "అయ్యో, బంగారమసొంటి పిల్లను ఎవలో పారేసిండ్రు!" అని పెద్దమ్మ ఎత్తేసుకుంది. నా బిడ్డ తవుడు చాట ఆమె కాళ్ల దగ్గర పెట్టింది.

పెద్దమ్మ పిల్లను ఇవ్వలేదు. గుండెకు ఆనించుకుని, "ఏం పేరు?" అంది.

జనన ధ్రువీకరణ పత్రంలో వేరే పేరుంది. నా బిడ్డ నా వైపు చూసింది. ట్రాక్టరు ఇంజను చప్పుడు మీదుగా వినపడేలా నా పేరే చెప్పాను.

పెద్దమ్మ పిల్ల వైపు చూడలేదు. మసకబారిన కళ్లతో నేనున్న వైపు తిరిగి, బస్టాండులో పిలిచినంత గట్టిగా ఆ పేరు పిలిచింది.

"ఓ పెద్దమ్మా," అని పలికాను.

అప్పుడు పిల్లను నా చేతుల్లో పెట్టింది.