మూడో బల్ల దగ్గర ఆట

రెండో తరగతి టీచరమ్మకు మనిషిని ఎదురుగా పెట్టుకుని కాదని చెప్పడం రాదు. గదినిండా ఉన్న పిల్లలకు ఒక్కసారిగా చెప్పమంటే గొంతు ఖంగుమంటుంది. ఒక్కరితో చెప్పాల్సి వస్తే మాట గొంతులోనే ఉండిపోతుంది. అందుకే బళ్లో ఏటా జరిగే కుటుంబాల ఆటల సాయంత్రానికి ఆమె చేతిలో ఇత్తడి గంట ఉంటుంది. బల్లకో ఆట, ఆటకు రెండు జంటలు. జంటంటే ఒక పిల్ల, ఆ ఇంటి పెద్ద ఒకరు. గంట కొడితే అందరూ పక్క బల్లకు మారాలి. ఏ బల్ల దగ్గర మాటామాటా పెరిగినా ఆమె చేసే పని ఒక్కటే, గంట కాస్త ముందు కొట్టడం. పిల్లలు ఆమెకు గంట టీచరని పేరు పెట్టారు. పెద్దవాళ్ల నోటికీ అదే అలవాటైంది.

ఆ సాయంత్రం గొడవ మూడో బల్ల దగ్గర మొదలైంది. అక్కడ పాములూ నిచ్చెనల ఆట. ఒక పక్క టైలరమ్మ, ఆమె కొడుకు. ఇంకో పక్క వ్యాన్ తాతయ్య, ఆయన మనవరాలు.

బడి వ్యాను నడిపేది తాతయ్యే. గంట టీచరు కొడుకూ రోజూ అందులోనే వస్తాడు. ఏ ఇంటి ముందూ ఆయన హారన్ కొట్టడు. దిగి వెళ్లి, పిల్లల సంచి తనే అందుకుంటాడు. ఈ సాయంత్రం దూరపు వీధుల తల్లులనూ పిల్లలనూ తెచ్చింది ఆయనే. ఆటలయ్యాక దించాల్సిందీ ఆయనే.

మనవరాలు మంచినీళ్లకు వెళ్లింది. తాతయ్య పాచిక వేసి "ఐదు" అన్నాడు. పడింది రెండు.

"పెద్దాయన కదా అని ఊరుకుంటుంటే, పాము నోట్లోంచి నిచ్చెన ఎక్కేస్తున్నారే!" అంది టైలరమ్మ. "ఇందాకా ఇంతే. నాలుగు పడితే ఆరన్నారు. మా వాడికి నేర్పేది ఇదేనా?"

"గుడ్డ కత్తిరించేటప్పుడు నువ్వు మిగుల్చుకునే ముక్కల కంటే ఎక్కువా?" అన్నాడు తాతయ్య. పక్క బల్లవాళ్లు నవ్వారు. టైలరమ్మ నవ్వలేదు.

గంట టీచరు గంట పైకెత్తింది. అప్పుడే మనవరాలు పరిగెత్తుకొచ్చింది. "మా తాతయ్య ఊరికే అన్నాడు. సరదాకి," అంది రొప్పుతూ.

తాతయ్య పాచిక కోసం చెయ్యి చాపాడు. చెయ్యి దాన్ని దాటి, బల్ల అంచుదాకా వెళ్లి, వెనక్కొచ్చింది. పిల్ల పాచికను ఆయన వేళ్ల కిందికి తోసింది. ఆయన వేశాడు. "మూడు," అంది పిల్ల, పాచిక నిలవగానే వంగి చూసి. "మూడు," అన్నాడాయన.

గంట టీచరు ఎత్తిన గంట దించేసింది. పొద్దున గేటు దగ్గర వ్యాను కిటికీలోంచి చెయ్యి ఊపిన తన కొడుకు గుర్తొచ్చాడు. కుర్చీ లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుంది. పాచిక తీసి, ఆయన ముందు వేసింది.

"ఎంత పడింది బాబాయ్?"

పిల్ల నోరు తెరిచింది. "నువ్వు కాదమ్మా," అంది టీచరు.

తాతయ్య నవ్వబోయాడు. "పరీక్షా? అవి పడకే కదమ్మా నేను బడి మానేసింది."

"ఎంత బాబాయ్?"

ఆయన వంగాడు. తల పక్కకు తిప్పి చూశాడు. "ఇక్కడ లైటు సరిగా లేదు."

లైటు సరిగ్గా ఆ బల్ల మీదే ఉంది. టైలరమ్మ ఒకసారి పైకి చూసి, కొడుకు భుజం పట్టుకుని దగ్గరికి లాక్కుంది.

"పగలు బాగానే కనబడుతుందమ్మా," అన్నాడాయన.

"ఇప్పుడు పగలు కాదు కదా బాబాయ్."

"నేను చెబుతాగా టీచర్!" పిల్ల అరిచింది. "ముందు సీట్లో నేనే కూర్చుంటా. ఎర్ర లైటు పడితే చెబుతా, గుంతొస్తే చెబుతా. ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు. చెప్పు తాతయ్యా!"

తాతయ్య పిల్ల తల మీద చెయ్యి వేశాడు.

"తాళాలివ్వండి బాబాయ్."

"ఈ ఒక్క ట్రిప్పు పోనీ తల్లీ. అందరినీ తెచ్చినవాణ్ణి, దింపి వచ్చేస్తా."

హాలంతా పిల్లల అరుపులు. గంట ఒళ్లోనే ఉంది. కొడితే అందరూ లేస్తారు, ఆయనా లేస్తాడు, మాట అక్కడితో ఆగిపోతుంది.

"వద్దు," అంది. అంత చిన్న గొంతు తనదేనని ఆమెకే తెలియలేదు. "మీరు నడపొద్దు బాబాయ్. ఇవాళే కాదు, ఇంకెప్పుడూ."

"అవి ఇచ్చేస్తే పొద్దున లేచి నేనేం చెయ్యనమ్మా?"

ఆమె చెయ్యి చాపే ఉంచింది. ఆయన జేబులోంచి తాళాలు తీసి ఆట పటం మీద పెట్టాడు. కాయలు దొర్లిపోయాయి. ఎవరి కాయ ఎక్కడుందో మళ్లీ ఎవరూ అడగలేదు.

ఆటలయ్యాక ఆ తాళాలు తీసుకుని బడి డ్రిల్లు మాస్టారు వ్యాను స్టీరింగు ముందు కూర్చున్నాడు. తాతయ్య ఆయన పక్కన. మనవరాలు వెనక సీట్లో.

"జాగ్రత్తగా వెళ్లమ్మా," అంది గంట టీచరు కిటికీ దగ్గరికి వచ్చి. పిల్ల మొహం అటు తిప్పుకుంది.

వ్యాను గేటు దాటుతుంటే లోపలినుంచి తాతయ్య గొంతు వినిపించింది.

"మెల్లగా మాస్టారూ. ఎడమ పక్క గుంతుంటుంది. వచ్చిందా తల్లీ?"

"వచ్చింది తాతయ్యా," అంది పిల్ల.