కదలని దూడ

మొన్న మామిడిపళ్ళ బుట్ట విప్పగానే వచ్చిన ఎండుగడ్డి వాసనకు, మద్రాసులో మా చిన్ననాటి వీధిగుమ్మం గుర్తొచ్చింది. పాలాయన రోజూ ఆవును అక్కడికే తోలుకొచ్చి, అమ్మ కళ్ళెదుటే పితికేవాడు. ఆవు ముందు నిలబెట్టిన దూడ ఎప్పుడూ కదిలేది కాదు. పాలన్నీ మేమే తీసుకుంటున్నాం కనుక ఆకలితో నీరసించిందనుకున్నాను. ఒకరోజు నా గ్లాసులో పాలు దాని నోటికి పట్టాను. మూతి దగ్గర కుట్టు విడిపోయి, గడ్డి నా చేతిలోకి ఊడివచ్చింది. కెవ్వుమన్నాను.

“అరవబాక నాయనా, ఆవు వింటాది!” అన్నాడు పాలాయన గొంతు తగ్గించి. “దూడ సచ్చి నెలయింది. దాని తోలుతో చేసిన ఈ బొమ్మ ఈడ లేకుంటే ఆవు పాలు చేపదు, బిగబట్టేస్తాది.”

నేను ఒలికించిన పాలను ఆవు ఆ మూతి మీద నుంచి నాకుతూనే ఉంది. పాపం, మోసపోతోందని ఆ రోజంతా ఏడ్చాను. దానికి తెలియదని ఇప్పుడంత గట్టిగా చెప్పలేను.